ఖాళీ పట్టిక పలుకవలసిన మాట

2024 సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి, అజిత్‌సింగ్ నగర్, పాయకాపురము, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ మొదలగు విజయవాడ నగరభాగములు దినములతరబడి నీట నానిన పిమ్మట, అదే వేళ ప్రకాశం బ్యారేజీకడ 11 లక్షల క్యూసెక్కులను మించి పొంగిన కృష్ణ శాంతించి, జనులు బురద నిండిన యిండ్లకు మరలివచ్చిన పిమ్మట, ఆ వాడలయందు అడుగడుగున వినవచ్చిన ప్రశ్న యొక్కటి కలదు: “మా పేరు ఎక్కిందా?” నేలయంతస్తున నీరు చేరిన యింటికి 25,000 రూపాయలు, పై యంతస్తులవారికి 10,000 రూపాయలు ఇచ్చెదమని ప్రభుత్వము ప్రకటించియుండెను. సచివాలయ సిబ్బంది ఇల్లిల్లు తిరిగి నష్టమును నమోదు చేసిరి. జాబితాలు వెలువడెను. వానియందు తమ పేరు కానరానివారు మరల దరఖాస్తు చేసికొనవలసివచ్చెను.

పేరు కానరాకపోవుటకు ఎన్ని హేతువులుండగలవో యోచింపుడు. గణనకు వచ్చిన దినమున ఇంటికి తాళము వేసియుండవచ్చును. ఏలయన మునిగిన యింట ఎవరుందురు? గణన జరిగియు వివరములింకను పైకి చేరకుండవచ్చును. పేరు చేరియు అక్షరదోషముతో చేరియుండవచ్చును. ఆ కుటుంబమునకు అర్హత లేదని నిర్ణయింపబడియుండవచ్చును. ఇవేవియు గాక, వెదకిన క్షణమున సర్వరు జవాబీయకుండవచ్చును. ఇన్ని భిన్నస్థితులును ఫోను తెరపై కనబడునప్పుడు ఒక్క రూపమునే ధరించు ప్రమాదము కలదు: పైన శీర్షిక, క్రింద తెల్లని ఖాళీ. ఆ ఖాళీ స్థలమున ఏమి వ్రాయవలయునను ప్రశ్న సాఫ్ట్‌వేరు నిర్మాతలు చివరి దినమున, అలసిన వేళ, ఆలోచింతురు. అసలే ఆలోచింపనివారును గలరు. నేనైతే దానిని ఈ శాస్త్రమునందలి ప్రధానవిషయములలో నొకటిగా తలంచుచున్నాను.

ముందుగా యంత్రము ఏల మూగవోవుచున్నదో తెలిసికొందము. పట్టికను చూపు ప్రోగ్రాము నడక మిక్కిలి సరళమైనది. ఫోను సర్వరునకు ప్రశ్న పంపును. సర్వరు డేటాబేసును అడుగును. డేటాబేసు ఆ ప్రశ్నకు సరిపోవు వరుసలను ఏరి యిచ్చును. ఫోను వానిని ఒక్కొక్కటిగా గైకొని తెరపై చిత్రించును. నూరు వరుసలు వచ్చినచో నూరుమారులు చిత్రించును, పది వచ్చినచో పదిమారులు. ఏమియు రానిచో సున్నమారులు చిత్రించును, అనగా ఏమియు చిత్రింపదు. ఇందు ఎక్కడను తప్పు జరుగలేదు. సర్వరు ‘200’ అను సంకేతముతో, అంతయు సవ్యముగా నున్నదని తెలుపుచునే, శూన్యమైన జాబితాను పంపినది. ప్రతి యంగమును తన పని తాను నిర్దుష్టముగా చేసినది. ఐనను ఆ ఫలితమును చూచిన మనుజునకు ఏమియు తెలియలేదు. ప్రోగ్రాము చెడినప్పుడు కనబడు దోషము నిర్మాతకు తెలియవచ్చును గాని, సక్రమముగా నడచుచునే కలిగించు ఈ అజ్ఞానము సామాన్యపరీక్షలకు చిక్కదు.

ఇంతకంటె సూక్ష్మమైన మోసములు రెండు గలవు. మొదటిది: సర్వరునకు ప్రశ్న పంపిన క్షణము మొదలు జవాబు వచ్చు క్షణము వఱకు ఫోనులోని జాబితా యేమైయుండవలెను? అనేకులు దానిని మొదటనే శూన్యజాబితాగా నిలిపియుంచెదరు. “జాబితా శూన్యమైనచో ‘వివరములు లేవు’ అని చూపుము” అని మఱొకచోట వ్రాసియుందురు. ఈ రెండును కలియుటచేత, జవాబింకను రాకమునుపే తెర ‘లేవు’ అని ప్రకటించును. జవాబు వచ్చినంతనే ఆ మాటను చెరిపి పట్టికను చూపును. నిర్మాత కూర్చున్న గదిలో తంతువులద్వారా వచ్చు వేగవంతమైన ఇంటర్నెట్టు ఉండుటచే ఈ అసత్యము రెప్పపాటు కాలముకంటె నిలువదు. నాగాయలంక దాటి సముద్రతీరమునకు పోవు దారిలోని యే లంకగ్రామముననో, సిగ్నలు తడబడుచోట, ఆ రెప్పపాటు అరనిమిషమగును. 1993లో జేకబ్ నీల్సన్ అను డెన్మార్కు దేశీయుడు కంప్యూటరు స్పందనకాలములకు మూడు హద్దులు చెప్పెను: సెకనులో పదవవంతు లోపల వచ్చినది తక్షణమే వచ్చినట్లు తోచును, ఒక సెకను వఱకు తలంపుధార తెగదు, పది సెకనులు దాటినచో మనుజుని ధ్యాస మఱలిపోవును. అరనిమిషము ‘లేవు’ అను మాటను చూచినవాడు ఫోను జేబులో పెట్టుకొని వెడలిపోవును; ఆ పిమ్మట వచ్చిన పట్టికను చూచువారెవరు?

రెండవది మఱింత గర్హ్యము. సర్వరుతో సంబంధము తెగినప్పుడు ప్రోగ్రాము స్తంభించిపోకుండుటకై, కొందఱు ఆ దోషమును పట్టుకొని, దానికి బదులు శూన్యజాబితాను తిరిగి యిచ్చునట్లు వ్రాయుదురు. ప్రోగ్రాము నిలిచిపోదు, నిజము మాత్రము నశించును. ‘అడుగలేకపోతిని’ అనవలసినచోట ‘లేదు’ అని పలుకుట మనుష్యులయందు మనము సహింపము. యంత్రమునందును సహింపరాదు.

ఈ భేదములను మన తార్కికులు ఎంతో పూర్వమే గుర్తించిరి. 17వ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు బాలుర బోధార్థము రచించిన తర్కసంగ్రహము, దేశమందంతటను నేటికిని తర్కశాస్త్రమునకు తొలివాచకమై యున్నది. అందు సప్తపదార్థములలో చివరిది అభావము. లేమియు ఒక పదార్థమేయనియు, దానిని నిర్దేశింపనిదే జ్ఞానము పూర్ణము కాదనియు వైశేషికుల మతము. ఆ అభావము నాలుగు విధములు: వస్తువు పుట్టకమునుపటి లేమి ప్రాగభావము, నశించిన పిమ్మటి లేమి ప్రధ్వంసాభావము, త్రికాలములందును ఒకచోట ఒకటి లేకుండుట అత్యంతాభావము, ఇది అది కాకుండుట అన్యోన్యాభావము. సాఫ్ట్‌వేరు పట్టికలకు ఈ విభాగము అక్షరాల సరిపోవునని నేను చెప్పను. కాని ఖాళీ తెరముందు కూర్చుండి ‘ఇది యే విధమైన లేమి?’ అని తన్ను తాను ప్రశ్నించుకొను నిర్మాతకు ఇంతకంటె మంచి ఆరంభము నాకు కానరాలేదు.

డెల్టా వ్యవసాయమునే చూడుడు. కాలువలకు నీరు వదలి, నారుమళ్ళు పోసి, సార్వా నాట్లు పడిన పిమ్మట గాని ఈ-పంట నమోదు ఆరంభము కాదు. ఆ నమోదునందు తన చేను ఎక్కిననే రైతునకు ధాన్యము అమ్ముకొనుటకును, పంట నష్టపోయినప్పుడు సాయము పొందుటకును వీలు. జూన్ మాసమున యాప్ తెరచి చూచిన రైతునకు పట్టిక శూన్యముగా కనబడుట సహజము. అది ప్రాగభావము, కాలము వచ్చినప్పుడు తనంత తానే తీరునది. అతనికి కావలసిన మాట ‘వివరములు లభ్యము కాలేదు’ అనునది కాదు. “ఈ ఊళ్ళో సార్వా నమోదు ఇంకా మొదలు కాలేదు; మొదలైన రోజున మీ ఫోనుకు కబురు వస్తుంది” అను మాట. అదే పట్టిక పంటకాలము ముగిసి, ధాన్యము సొమ్ము ఖాతాలలో పడిన పిమ్మట, ‘చెల్లింపు బాకీలు’ అను శీర్షిక క్రింద ఖాళీయైనచో, అది ప్రధ్వంసాభావము, ఉన్నది తీరిపోయినది. అక్కడ ఏ మొత్తము, ఏ తేదీన, ఏ ఖాతాకు చేరెనో చెప్పుట ధర్మము. ఒకటి నిరీక్షింపుమనుచున్నది, మఱొకటి నిశ్చింతగా నుండుమనుచున్నది. రెండింటికిని ఒకే తెల్లని తెరను చూపుట ఎంతటి అన్యాయము!

మూడవ విధమగు అత్యంతాభావమునకు ఉదాహరణము 2022 ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రమున జిల్లాల పునర్విభజనము జరిగినప్పటినుండి మన కండ్లయెదుటనే యున్నది. ఆ దినమున పూర్వపు కృష్ణాజిల్లా చీలి, విజయవాడ ముఖ్యస్థానముగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడెను. మచిలీపట్నము కృష్ణాజిల్లాకు ముఖ్యస్థానముగా నిలిచెను. నూజివీడు, కైకలూరు ప్రాంతములు ఏలూరు జిల్లాలో చేరెను. తరతరములుగా తమది కృష్ణాజిల్లాయని చెప్పుకొను నందిగామవాసి, అలవాటుకొలది ‘కృష్ణా’ అను పేరును ఎన్నుకొని తన మండలమును వెదకినచో ఏమి దొరకును? కొత్త కృష్ణాజిల్లా పట్టికయందు ఆ మండలము ఎన్నడును లేదు. ఎంత వెదకినను దొరకదు. భూమి రికార్డులయందును ఇట్టిదే మఱొక మార్పు. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట సమీపమున తక్కెళ్ళపాడులో ఆరంభమైన భూముల రీసర్వే జరిగిన గ్రామములలో పాత సర్వే నంబర్లకు మారుగా ఎల్‌పీఎం నంబర్లు వచ్చినవి. తాతనాటి దస్తావేజునందలి నంబరును తెచ్చి వెదకిన రైతునకు శూన్యపట్టిక ఎదురైనచో, తన భూమియే రికార్డులనుండి మాయమైనదని గుండె జల్లుమనును. భూమి ఎక్కడికిని పోలేదు. ప్రశ్న పాతదైనది, అంతే. పాత నంబరునకును కొత్త నంబరునకును గల సంబంధము ఒక పట్టికయందు నుండనే యున్నది కనుక, “ఈ నంబరు రీసర్వేలో మారింది; కొత్త నంబరు చూడాలంటే ఇక్కడ నొక్కండి” అని పలుకుట యంత్రమునకు దుష్కరమైన పని కాదు.

అన్యోన్యాభావమున మన భాషకు సంబంధించిన చిక్కు లనేకములు చేరియున్నవి. ఇచ్చట కొంత నిలువవలసియున్నది. కంప్యూటరు రెండు పేర్లను పోల్చునది ధ్వనినిబట్టి కాదు, కంటికి కనబడు రూపమునుబట్టియు కాదు. ఆ యక్షరములకు యూనికోడ్ అను ప్రపంచవ్యవస్థ కేటాయించిన సంఖ్యలనుబట్టి. కైకలూరు అను పేరును తీసికొనుడు. అందు మొదటి యక్షరమగు ‘కై’లోని ఐత్వమును యూనికోడ్‌నందు రెండు తీరుల వ్రాయవచ్చును: ఐత్వమునకే గల ఒక్క సంఖ్యతో నొకటి, ఎత్వమునకును, దాని క్రింద చేరు గుర్తునకును గల వేఱువేఱు సంఖ్యలు రెండింటితో మఱొకటి. తెరపై రెండును ఒక్కటే రూపము. యంత్రమునకు మాత్రము, రెండింటిని ముందుగా ఏకరూపమునకు తెచ్చు సంస్కారము జరుపనిచో, కైకలూరు కైకలూరు కాదు! ఇదేవిధముగ పొల్లు అక్షరము ప్రక్క అక్షరముతో కలియకుండుటకై వాడు అదృశ్యచిహ్నమొకటి కలదు. ‘సాఫ్ట్‌వేరు’ వంటి పదములయందు దానిని ఉంచువారును, మానువారును గలరు. కంటికి కనబడని ఆ చిహ్నము చేతనే వెదకులాట విఫలమగును. ఇక పేర్లను ఆంగ్లలిపిలో నమోదు చేసినప్పటి సంకటము చెప్పనలవి కాదు. లక్ష్మి అను పేరులోని క్షకారమును ‘కే, ఎస్, హెచ్’ అక్షరములతో నొకరు, ‘ఎక్స్’ అక్షరముతో నొకరు వ్రాయుదురు. ఇంటిపేరును ముందుంచువారు కొందఱు, వెనుకకు త్రోయువారు కొందఱు, ఒక్క పొడియక్షరముగా కుదించువారు మఱికొందఱు. ఇట్టిచోట వస్తువు లేకపోలేదు. అడిగిన పేరునకును ఉన్న పేరునకును తాదాత్మ్యము కుదురలేదు. కావున ‘లేదు’ అనుటకు ముందు యంత్రము సమీపమైన పేర్లను వెదకి, “ఈ పేరుతో ఎవరూ లేరు, దీనికి దగ్గరగా ఉన్న పేర్లు ఇవి” అని చూపవలయును. చూప వీలులేనిచోట, ఆధార్ సంఖ్యతో వెదకుమనియైనను చెప్పవలయును.

ఈ నాలుగింటికిని మూలమైన మఱొక్క నియమమును మన శాస్త్రజ్ఞులు చెప్పిరి. అభావమును మనమెట్లు తెలిసికొందుము? కానరాకపోవుటచేత. మీమాంసకుడగు కుమారిలభట్టు అనుయాయులును, అద్వైతులును దీనిని అనుపలబ్ధి యను ప్రత్యేకప్రమాణముగా అంగీకరించిరి. కాని కానరాని ప్రతిదియు లేనట్టు కాదు. ఉండియున్నచో తప్పక కనబడవలసిన పరిస్థితియందు కానరానప్పుడే అది లేదని నిశ్చయింపవచ్చును. దీనికి యోగ్యానుపలబ్ధియని పేరు. వెలుగు గల గదిలో కుండ కానరానిచో కుండ లేదు; చీకటిగదిలో కానరానిచో ఏమియు తెలియదు. సర్వరు అందక, సిగ్నలు తెగి, వేలిముద్ర సరిపోక వచ్చిన ఖాళీ తెర చీకటిగది. అచ్చట ‘లేదు’ అను మాట పలుకుటకు యంత్రమునకు అధికారము లేదు.

ఈ నియమమును మఱచుట ఎంత ఘోరమో కృష్ణాడెల్టా యెఱుగును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తి సుమారు 10,000 మందిని బలిగొన్నప్పుడు, తంతి స్తంభములు కూలి, దారులు తెగి, అక్కడినుండి వార్త వెలువడు మార్గములే లేకపోయెను. ఎక్కువ నష్టపోయిన ఊరునుండియే కబురు రాదు; కబురు పంపువారును, పంపు సాధనమును కూడ నష్టములో చేరిపోవుట చేత. నేడు వరద నివేదికలను గ్రామములవారీగా కంప్యూటరులో సేకరించునప్పుడు, నివేదిక రాని గ్రామమునకు ఎదురుగా సున్నను ఉంచు పట్టికయు, ‘నివేదిక రాలేదు’ అని వేఱు రంగున చూపు పట్టికయు ఒక్కటి కావు. మొదటిది అధికారిని నిదురపుచ్చును. రెండవది పడవ పంపునట్లు చేయును.

సంబంధ డేటాబేసుల శాస్త్రమునకు మూలపురుషుడగు ఎడ్గార్ కాడ్ ఈ భేదమును గుర్తింపకపోలేదు. 1970లో ఆయన ప్రతిపాదించిన సంబంధసిద్ధాంతమునందు వరుసలు లేని పట్టికయు న్యాయమైన పట్టికయే. తెలియని విలువకు ‘నల్’ అను గుర్తునుంచి, నిజము, అబద్ధము, తెలియదు అను మూడు విలువల తర్కమును 1979 నాటి వ్యాసమున ఆయన వివరించెను. ఆ గుర్తును వాడు నేటి డేటాబేసులలో పెక్కింట విచిత్రమొకటి కలదు. శూన్యపట్టికలోని వరుసలెన్నియని అడిగినచో సున్నయని జవాబు వచ్చును. అదే పట్టికలోని మొత్తము సొమ్మెంతయని అడిగినచో సున్న రాదు, ‘నల్’ వచ్చును. అనుభవము లేనివాడు వ్రాసిన తెరపై అది అర్థములేని ఆంగ్లపదముగానో, ఖాళీగడిగానో ప్రత్యక్షమగును.

తర్కమునందు దీనికంటె ప్రమాదకరమైన గుంట యింకొకటి కలదు. ‘ఈ జాబితాలోని బాకీలన్నియు తీరినవా?’ అను ప్రశ్నకు, జాబితా శూన్యమైనచో జవాబు ‘అవును’. తీరని బాకీ ఒక్కటియు లేదు గనుక, అన్నియు తీరినవనుట తర్కమునకు సమ్మతమే. పైథాన్, జావాస్క్రిప్ట్ మొదలగు భాషలన్నియు ఇట్లే జవాబిచ్చును. ఇప్పుడు, సంబంధము తెగి, పైన చెప్పిన తీరున దోషము మ్రింగబడి, శూన్యజాబితా వచ్చినదనుకొనుడు. ప్రోగ్రాము పచ్చని గుర్తుతో ‘మీ బాకీలన్నీ తీరినవి’ అని చాటును. సహకార సంఘమునకు అప్పు కట్టవలసిన రైతు ఆ మాట నమ్మి గడువు దాటించును. తర్కము దోషరహితమే; అడిగిన తావు సరియైనది కాదు. జాబితా నిజముగా వచ్చినదా యని ముందు తేల్చుకొనక ‘అన్నియు’ అను పదమును వాడరాదు.

ఇక మాటకూర్పు. నేను ఈ వ్యాసమును ప్రాచీనరీతిలో వ్రాయుచున్నను, తెరపై వ్రాయు వాక్యము మాత్రము ఊరివారు మాటలాడుకొను తెలుగుననే యుండవలయునని నా దృఢాభిప్రాయము. ‘డేటా లభ్యము కాలేదు’ అను వాక్యమున ఎవరు, ఏమి, ఎక్కడ వెదకిరో తెలియదు. మంచి వాక్యము తాను వెదకినదేదో తిరిగి చెప్పును. ఏ ఊరిలో, ఏ తేదీ వఱకుగల వివరములలో వెదకెనో చెప్పును. ఇప్పుడు చేయదగిన పని యొక్కటి చూపును. చిరునవ్వు బొమ్మలు, చేతులెత్తేసిన కార్టూనులు ఖాళీ తెరలపై ఉంచు వాడుక పెరిగినది. పాటల జాబితాకు అవి తగియుండవచ్చును గాని, మునిగిన యింటి పరిహారము కొఱకు వచ్చిన గృహిణికి ఆ నవ్వు అవమానము. ఒక్కచోట మాత్రము వాక్యము తన జ్ఞానమును దాచుకొనుట న్యాయము: ఇతరుల పింఛను వివరములను కుతూహలముచే వెదకువానికి, ‘ఆ పేరు కలదు గాని నీకు చూపము’ అని చెప్పుట ఆ వ్యక్తి రహస్యమును బయటపెట్టుటయే. అధికారము లేనప్పుడును, వస్తువు లేనప్పుడును ఒకే మాట చెప్పుట అచ్చట వివేకము.

చూపులేనివారి సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. వారి ఫోను తెరపైనున్నదానిని చదివి వినిపించును. ఖాళీ తెరను చదువుటకు ఏమున్నది? వెదకుమని నొక్కిన పిమ్మట నిశ్శబ్దము. పని జరుగుచున్నదో, ముగిసినదో, చెడినదో వారికి తెలియదు. 2018లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ సౌలభ్య నియమములలో, ఇట్టి స్థితిసందేశములను చదువు పరికరము తనంత తానే గ్రహించి వినిపించునట్లు గుర్తించి వ్రాయవలయునను నియమము చేరినది. నిర్మాతకు అది ఒక్క పంక్తి పని. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 161 సేవలతో ఆరంభించిన ‘మన మిత్ర’ వంటి వాట్సాప్ సేవలయందు ఈ కర్తవ్యము ఇంకను తప్పనిసరియైనది. సంభాషణమున ఖాళీగడిని చూపుటకు తావే లేదు, ఏదో యొక వాక్యము పలికియే తీరవలయును.

ఆ వాక్యములను ఎవరు వ్రాయవలయును? సాధారణముగా నిర్మాతలు తమ పరీక్షకై కల్పితమైన పేర్లతో పట్టికను నింపుకొని పనిచేయుదురు. కనుక మొదటిదినమున మొదటి మనుజుడు చూచు శూన్యము వారి కంటబడనే బడదు. కాని గ్రామ సచివాలయమున బల్లకు ఆవల కూర్చుండు డిజిటల్ అసిస్టెంటు దానిని దినదినమును చూచును, చూచి ఊరకుండక దానికి అర్థము చెప్పును. “పాత నంబరు మీద కాదు బాబాయ్, ఎల్‌పీఎం నంబరు మీద చూడాలి.” “వేలిముద్ర పడలేదమ్మా, చెయ్యి తుడుచుకుని మళ్ళీ వెయ్యండి.” “మన మండలం ఇప్పుడు ఏలూరులో ఉందండీ, కృష్ణాలో వెతికితే రాదు.” “సర్వర్ రావట్లేదు, మీ పేరు లేదని కాదు; సాయంత్రం రండి.” ఖాళీ తెర పలుకవలసిన మాటలు ఇవియే. విజయవాడ పరిసరముల కళాశాలలలో సాఫ్ట్‌వేరు నేర్చుకొను విద్యార్థులు ఒక పంటకాలము అట్టి బల్ల ప్రక్కన కూర్చుండి, వచ్చినవారడిగిన ప్రశ్నలను, వారికి దొరకిన జవాబులను, అట్టి జవాబు చెప్పుటకు అసిస్టెంటు ఏ యే వివరములను చూచుకొనెనో దానితోసహా వ్రాసికొందురుగాక. ఆ వివరములలో అధికభాగము సర్వరునకు మొదటినుండియు తెలిసినవియే.